బండికి కార్డు, గల్లీకి కాయిదా

“వదినా, చూసినవా? మూల మీద బజ్జీల బండి మళ్ల వచ్చి నిలబడ్డది. లారీల ఏస్కపోయిననాడు పీడ పోయిందనుకున్న. నాలుగొద్దులు గడవలే. అదే మూల, అదే కడాయి, అదే నూనె!”

“అదే నూనె అని నీకెట్ల తెల్సు?”

“వాసన చెప్తలేదా? మీ అన్నకు దమ్ము. నాలుగు గొట్టంగనే కిటికీలు మూసుకోవాలె. ఎండకాలం కిటికీలు మూస్కుంటె బతుకుతమా?”

శాలిబండ వెనక గల్లీలల్ల ఇండ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉంటయ్. మా మిద్దెకు, పక్కింటి మిద్దెకు నడుమ నడుమెత్తు పిట్టగోడ. బట్టలు తీసే యాళ్లకు ఆమె అవతల, నేను ఇవతల. ఆమె నన్ను వదినా అంటది, నేనూ ఆమెను వదినా అంట. చుట్టరికం ఏమీ లేదు, గోడే చుట్టరికం.

“ఒక్క పొగ అయితె ఓర్సుకుందును. తినొచ్చినోళ్లు మోటార్‌సైకిళ్లు మన గేటుకు అడ్డం పెడ్తరు. తీయమంటె ‘దో మినిట్ అమ్మా’ అంటరు, ఆ దో మినిట్ అరగంట అయితది. కాగితం ప్లేట్లు, చాయ్ కప్పులు, ఉల్లిగడ్డ పొట్టు అన్నీ మోరిలనే. మొన్న వానకు మోరి పొంగి నీళ్లు గడప దాంక వచ్చినయ్. పందికొక్కులైతె పిల్లుల కంటె లావు అయినయ్. రాత్రి పన్నెండు దాటినా లొల్లి. నాకేం బండోని మీద పగనా? బతకనీ. కానీ మమ్మల్ని కూడ బతకనియ్యాలె గద!”

“నువ్వు చెప్పిన దాంట్ల ఒక్క ముక్క అబద్ధం లేదు వదినా.”

“ఇంకోటి చెప్తా. 2025 మే నెలల గుల్జార్ హౌజ్ కాడ ఇల్లు అంటుకుని 17 మంది పోయిన్రు. చిన్న పిల్లలు ఎంతమంది! అది బండి వల్ల కాలేదు, నాకు తెల్సు. కానీ గా సందులు చూసినంక నాకు నిద్ర పట్టలే. మన గల్లీల మొగదల గ్యాస్ బండ పెట్టుకుని ఒకడు, పక్కన మోటార్‌సైకిళ్ల వరుస. రేపు ఏదన్న అయితె ఫైరింజన్ యాడికెల్లి వస్తది? అంబులెన్స్ యాడికెల్లి వస్తది?”

దీనికి నా కాడ జవాబు లేదు. ఉన్న మాట ఒక్కటే.

“గందుకే అంటున్న, లారీ తెప్పిస్తె ఏం ఫాయిదా అయింది? వానికి తడిపిన పిండి పాయె, తొక్కులు పాయె, కడాయి పాయె. గిరిగిరి వడ్డీకి మళ్ల పైసలు తెచ్చి బండి పెట్టిండు. ఇప్పుడు ఆ వడ్డీ కట్టాలంటె ఇంకో గంట ఎక్కువ అమ్మాలె, నూనె ఇంకో పూట ఎక్కువ కాచాలె. నడుమ ఎవరెవరికి మామూలు పోతదో వానికే తెల్సు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటరే, నువ్వూ వాడూ కొట్లాడుకుంటుంటె మామూలు తీస్కునేటోడు సల్లగ ఉన్నడు.”

“అయితె ఏం చెయ్యమంటవ్? హారతియ్యాల్నా?”

“కార్డు ఇయ్యమని అడగాలె.”

వదిన చేతిల బట్టలు గోడ మీద పెట్టి నా దిక్కు చూసింది. “పొద్దటికెల్లి మంచిగనే ఉన్నవు గద!”

నేను మహిళా గ్రూపుల తిరుగుత. కరోనా ఏడు, 2020 జూన్‌ల స్వనిధి లోన్లు మొదలైనప్పుడు బండ్లోళ్ల పేర్లు రాసుడు, ఫారాలు నింపుడు చూసిన. అప్పుడు 10,000 ఇచ్చెటోళ్లు, కట్టినోళ్లకు 20,000, ఆ మీద 50,000. ఇప్పుడు మొదటిది 15,000, రెండోది 25,000 చేసి, స్కీమును 2030 మార్చి దాంక పొడిగించిన్రు. గా ఫారాల పుణ్యాన చట్టం గురించి జరంత చెవులవడ్డది. పేరు పెద్దగ ఉంటది గానీ మనం వీధి వ్యాపారుల చట్టం అనుకుంటె సాలు. 2014ల అయింది, ఆ ఏడు మే 1 నుంచి నడుస్తున్నది.

“చట్టం బండ్లోళ్లకు గద. మనకేం ఉన్నది అండ్ల?”

“ఇను. అయిదేండ్లకోసారి సర్వే చేసి ఎవరు యాడ అమ్ముతున్నరో రాయాలె. రాసినోళ్లకు సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇయ్యాలె. వార్డు జనాభాల నూటికి రెండున్నర మంది దాంక జాగ చూపియ్యాలె.”

“అంటె?”

“40,000 మంది ఉన్న వార్డుల 1,000 మంది.”

“వెయ్యి బండ్లా! ఇగ మనం నడిచేది గాలిలనా?”

“అందరు ఒక్కతాన నిలబడరు వదినా. గంప నెత్తిన పెట్టుకుని తిరిగేటోళ్లు, పూలమ్మేటోళ్లు, చెప్పులు కుట్టేటోళ్లు అందరు లెక్కే. ఒక జాగల పట్టనంత మంది ఉంటె చిట్టీలు తీస్తరు. పేరు రానోళ్లకు పక్క జోన్ల చూపియ్యాలె. యాడ అమ్మొచ్చు, యాడ అసలే అమ్మొద్దు, యాడ కొన్ని గంటలే అమ్మొచ్చు అని గీత గీసుడు కూడ ఆ చట్టంల ఉన్నదే. ఆ గీత లేకనే గద ఈ లొల్లంత.”

“సడకేమన్న వాని జాగీరా, గీతలు గీసి ఇచ్చుడు?”

“జాగీరు కాదు. 1989ల సుప్రీంకోర్టు ఢిల్లీ కేసుల ఇదే చెప్పింది. సడక్ మీద యాపారం చేసుకునుడు హక్కే, కానీ ఫలానా మూలనే నాకు కావాలంటె అది హక్కు కాదు. బండోనికి బతుకు, నీకు తొవ్వ. రెండూ ఉండాలె అన్నరు.”

వదిన జర మెత్తవడ్డట్టు అనిపించింది గానీ ఆమె అట్ల తొందరగ ఒప్పుకునే మనిషి కాదు. “కార్డు లేనప్పుడే ఇట్లున్నరు. కార్డు చేతికిస్తె నెత్తికెక్కి కూసుంటరు.”

“నీ కింది పోర్షన్ కిరాయికిచ్చిన్నాడు కాయితం రాయించుకున్నవా లేదా? కరెంటు బిల్లెవరిది, నీళ్లెవరివి, ఎన్నడు ఖాళీ చెయ్యాలె, అన్నీ అండ్ల ఉన్నయ్. కాయితం ఉన్నది గనకనే అడగనీకి నీకు నోరున్నది. కార్డు కూడ గంతే. యాడ నిలబడాలె, ఎన్ని గంటల దాంక, చుట్టుపక్కల సాఫ్ ఎవరు పెట్టాలె అని షరతులు ఉంటయ్. టైమైనంక సామాను తీస్కపోవాలె. తప్పితె 2,000 రూపాయల దాంక జుర్మానా. అయినా ఇనకపోతె, ఆయన చెప్పేది ఇన్నంక, కార్డు రద్దు చెయ్యొచ్చు. కార్డే లేనోని కాడ ఏం రద్దు చేస్తరు? నాలుగొద్దులకు మళ్ల వస్తడు. ఇప్పుడు చూస్తనే ఉన్నవ్ గద.”

“మరి ఒక్క సేటు అయిదు బండ్లు పెట్టి, పిల్లగాండ్లను కూలికి నిలబెట్టి నడిపిస్తున్నడు గద సౌరస్తాల. ఆయనకు అయిదు కార్డులా?”

“వదినా, ఇది మాత్రం గట్టిగ యాద్ పెట్టుకో. కార్డు తీస్కునేటోడు తానన్న అమ్మాలె, తన ఇంటోళ్లన్న అమ్మాలె. ఇంకో బతుకుదెరువు ఉండొద్దు. కార్డును కిరాయికిచ్చుడు, ఇంకొకరికి అప్పజెప్పుడు నడవదు. సర్వే సక్కగ జరిగితె మొదలు పోయేది ఆ అయిదు బండ్ల సేటే. మన బజ్జీలాయన ఉంటడు.”

వదిన నవ్వింది. సేటు మీద ఆమెకు మస్తు పాత కోపం.

“లారీల ఏస్కపోవుడు కూడ ఇష్టమొచ్చినట్టు కాదు. జాగ ఖాళీ చేయించాలంటె 30 రోజుల ముందు నోటీసు. సామాను తీస్కపోతె ఏమేం తీస్కపోయిన్రో లిస్టు రాసి చేతికియ్యాలె. చెడిపోయే సామాను అడిగిన్నాడే వాపస్, కడాయి, బండి అసొంటివి రెండు పనిదినాలల్ల వాపస్. కాయితం లేనోడు ఇవన్ని ఎట్ల అడుగుతడు?”

“సరే, కార్డు మాట అట్లుంచు. తిండి సంగతేంది? మోమోలు తిని బంజారాహిల్స్ దిక్కు ఆడిమనిషి సచ్చిపోయింది గద.”

“2024 అక్టోబర్‌ల. అది అయినంకనే పచ్చి గుడ్డుతోని చేసే మయోనైజ్‌ను ఆ నెల 30 నుంచి ఏడాది దాంక రాష్ట్రమంతట బందు పెట్టిన్రు.”

“బందు పెడ్తె అయిపాయెనా?”

“కాలే. నేను మొన్న మన బజ్జీలాయన కాడ నిలబడి చూసిన. మిరపకాయను నిలువున చీరి, చింతపండు నువ్వుల ముద్ద కూరి, శెనగపిండిల ముంచి, అట్ల వేలికొసతోని తిప్పి నూనెల ఇడుస్తడు. ఒక్క చుక్క బయట పడదు. ఒకపారి ఏగినంక తీసి, కత్తెరతోని ముక్కలు చేసి, కట్ మిర్చి అని మళ్ల నూనెల ఏస్తడు. పనితనంకు పేరు పెట్టేది లేదు. కానీ అదే చేతితోని నోటు తీస్కుంటడు, చిల్లర ఇస్తడు, మళ్ల పిండిల చెయ్యి పెడ్తడు. పక్కన ఒక్కటే బకెటు. ప్లేట్లు అండ్లనే, గ్లాసులు అండ్లనే, చెయ్యి అండ్లనే. మాపటికి ఆ నీళ్లు మజ్జిగ లెక్క అయినయ్. కట్ మిర్చి ఇచ్చింది న్యూస్‌పేపర్ల. నూనెకు సిరా ఊడి బజ్జీకి అచ్చు పడ్డది. పేపర్ల తిండి చుట్టొద్దని తిండి సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లనే చెప్పింది.”

“మరి అడగకపోయినవా?”

“అడిగిన. ‘అమ్మా, నల్లా యాడున్నది, చెప్పు, రోజుకు నాలుగు బకెట్లు మారుస్త’ అన్నడు. నీళ్లు వాడు పక్కింట్ల పైసలిచ్చి రెండు క్యాన్లు తెచ్చుకుంటడు. వాని మాట కూడ తీసేసేది కాదు. తిండి అమ్మేటోళ్లందరు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాడ పేరు రాయించుకోవాలె. 2011 నిబంధనలల్ల చిన్నోళ్లకు ఏడాదికి 100 రూపాయలే పెట్టిన్రు. తాగే నీళ్లే వాడాలె, మూతున్న చెత్తడబ్బా ఉండాలె, గోళ్లు తీసుకోవాలె అన్నీ అండ్ల రాసే ఉన్నయ్. నూనె ఎన్నిసార్లు కాగింది అన్నదానికీ లెక్కున్నది. మరిగి మరిగి అండ్ల పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితె ఆ నూనె పారబొయ్యాలె. 2018 జూలై నుంచి రూలు. కానీ రాసుడు ఒక దిక్కు, నల్లా ఇచ్చుడు ఇంకో దిక్కు. జాగ చూపించి, నల్లా పెట్టి, మోరికి జాలీ ఏసి, దానికి మెయింటెనెన్స్ ఛార్జీ బండ్లోళ్ల కాడనే వసూలు చెయ్యాలె. ఛార్జీ తీసుకునుడు చట్టంలనే ఉన్నది.”

“మా పెద్దోని కాడికి సింగపూర్ పోయినప్పుడు చూసిన వదినా. ఒక్క కప్పు కింద వరుసగ వంద దుక్నాలు. ఒక్కో దుక్నం మీద ఏ, బీ, సీ అని అక్షరం ఏలాడేసి ఉండె. శుభ్రంకు మార్కులంట. బీ ఉన్న కాడ మా కోడలు తిననియ్యలే.”

“వాళ్లు మాత్రం మొదటి నుంచి అట్లనే ఉన్నరా? మన లెక్కనే సడక్ మీద, మోరి పక్కన అమ్మేటోళ్లు. 1968, 69లల్ల 18,000 మంది పేర్లు రాసి లైసెన్సులిచ్చిన్రు. ఆ తర్వాత నల్లాలు, మోరీలు ఉన్న సెంటర్లు కట్టుకుంట వచ్చి, 1986 కల్లా అందర్ని లోపటికి తెచ్చిన్రు. 2020ల యునెస్కో గుర్తింపు కూడ వచ్చింది. మొదలు చేసింది పేర్లు రాసుడు, తరిమేసుడు కాదు. అయితె అట్ల కప్పు కిందికి తెచ్చుడు మన కాడ అన్నిట్ల పనికిరాదు. లాడ్ బజార్ కాడ, చార్‌కమాన్ కాడ నడిచే తొవ్వనే బజారు. 50 ఏండ్లకు మించి బండ్లు నడుస్తున్న బజార్లను వారసత్వ బజార్లుగ ప్రకటించాలె, అక్కడోళ్లను లేపొద్దు అని కూడ చట్టంల ఉన్నది.”

“చార్మినార్ కాడ లేపుతరు, వాళ్లొచ్చి మన గల్లీల పడ్తరు.”

“గదే. పెద్ద సడక్ సాఫ్ అయితె ఫొటోలు మంచిగ వస్తయ్. బండి మాయం కాదు గద, సందుల జొరవడ్తది. రేపు మెట్రో పని ఉన్నది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాంక ఏడున్నర కిలోమీటర్లు, శాలిబండ మీదికెల్లే. సడక్ అంచున ఉన్న బండ్లన్ని యాడికి పోతయ్ అనుకుంటున్నవ్? ముందుగాల్నే జాగ అనుకోకపోతె ఇగ మన గడపలే.”

వదిన ఒక్క నిమిషం ఏం మాట్లాడలే. ఆ మీద చిన్నగ అన్నది: “రాత్రి టైం సంగతి చెప్పు. రంజాన్ నెలల నేను ఎన్నడన్న ఏమన్న అన్ననా? పటేల్ మార్కెట్ దాంక జనమే జనం, సహరీ దాంక భట్టీలు మండుతనే ఉంటయ్. మీ అన్న హలీం లేంది ఇంట్లకు రాడు.”

“2025 రంజాన్‌కు మార్చి 2 నుంచి 31 దాంక దుక్నాలు రాత్రంత తెరువొచ్చని సర్కారే పర్మిషన్ ఇచ్చింది. అది పండుగ. బోనాలప్పుడు లాల్‌దర్వాజ కాడ మన లొల్లిని వాళ్లు ఓర్సుకోరా? అట్లనే. మిగతా పదకొండు నెలల సంగతే మనం అడగాలె. 2024 ఆగస్టుల ముఖ్యమంత్రి అసెంబ్లీల, వైన్ షాపులు తప్ప యాపారాలు రాత్రి ఒంటిగంట దాంక నడుపుకోవచ్చన్నడు. అది పెద్ద సడక్‌కు సరే. ముసలోళ్లు, పరీక్షలు రాసే పిల్లలు ఉన్న గల్లీల పది, పదిన్నర దాంకనే అని మనం అడిగి రాయించుకోవచ్చు. జాగ, టైం రెండు కార్డు మీదనే ఉంటయ్.”

“ముఖ్యమంత్రి అంటె యాదికొచ్చింది. మాదాపూర్ కాడ కుమారి ఆంటీ బండి తీసేస్తె ఆయనే చెప్పి పెట్టించిండు గద. మన బజ్జీలాయన కూడ ముఖ్యమంత్రి కాడికే పోవాల్నా?”

“మంచిగడిగినవ్! 2024 జనవరి ముచ్చట. ఆమె భోజనం వీడియోలు ఊరంత చూసిన్రు గనక ముఖ్యమంత్రి దాంక పోయింది. మన బజ్జీలాయన వీడియో ఎవరు తీస్తరు? ఒక బండి నిలబడాలంటె ముఖ్యమంత్రి చెప్పాలె, ఒక బండి లేవాలంటె ఎవరో ఫోన్ కొట్టాలె. అంటె కాయిదా లేనట్టే. ఆనాడు మాదాపూర్‌ల కూడ ట్రాఫిక్ జామ్ అయిన మాట నిజమే. దానికి జవాబు ఎవరూ చెప్పలే. బండి ఉన్నది, జామ్ కూడ ఉన్నది.”

“అయితె ఈ గీతలు, టైములు అన్నీ ఎవరు తేలుస్తరు? దఫ్తర్ల కూసున్నోళ్లేనా?”

నేను ఎదురు చూసిన మాట గదే.

“టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉండాలె. బల్దియా కమిషనర్ పెద్ద. అండ్ల నూటికి 40 మందికి తగ్గకుండ బండ్లోళ్లే ఉండాలె, వాళ్లల్ల వాళ్లే ఓట్లేసుకుని ఎన్నుకోవాలె, ఆ 40ల మూడో వంతు ఆడోళ్లు. ట్రాఫిక్ పోలీసులు, బల్దియా డాక్టరు, బ్యాంకోళ్లు, దుక్నాలోళ్ల సంఘాలు ఉంటయ్. వదినా, గక్కడ ఇంటోళ్ల సంఘాలకు కూడ కుర్సీ ఉన్నది. బస్తీలోళ్లు, కాలనీలోళ్లు. అంటె నువ్వు.”

“నేనా?”

“నువ్వే. బండోడు, నువ్వు ఒక్క బల్ల కాడ కూసునేటట్టు చట్టంల రాసిన్రు. బండోళ్లకు యూనియన్ ఉన్నది, లీడర్ ఉన్నడు, వాళ్లు పోతరు. జూబ్లీహిల్స్ కాలనీలకు అసోసియేషన్లు ఉన్నయ్, లెటర్‌ప్యాడ్లున్నయ్, వాళ్లూ పోతరు. మన పాతబస్తీ గల్లీకి ఏమున్నది? బోనాల కమిటీ ఉన్నది. మసీదు కమిటీ ఉన్నది. గణేశుని కమిటీ రెండున్నయ్. మోరి కమిటీ ఉన్నదా? తొవ్వ కమిటీ ఉన్నదా? మన బాధంత పిట్టగోడ మీదనే ఒడుస్తున్నది. ఇక్కడ ఎంత మాట్లాడినా మినిట్స్ బుక్కుల ఎక్కది.”

“నిజమే గానీ ఎవరు తిరుగుతరే తల్లీ!”

“ఏడుగురు సాలు. తెలంగాణ సొసైటీల చట్టం కింద ఏడుగురు సంతకం పెడ్తె సంఘం రిజిస్టర్ అయితది. నువ్వు, నేను, ఎదురింటి ఆపా, మెడికల్ దుక్నం ఆయన, రిటైరైన పంతులు, ఆటో నడిపే తమ్ముడు, కింది పోర్షన్ పిల్ల. అయిపాయె. బజ్జీలాయనను కూడ పిలుద్దాం. తిట్టనీకి కాదు. నాలుగు మాటలు ఆయన ముందరనే రాద్దాం. ఒకటి, గేటు, మలుపు ఇడిసి ఫలానా గోడ పక్కన బండి. రెండు, పదిన్నరకు బంద్. మూడు, చెత్త డబ్బలనే, పొద్దుగాల స్వచ్ఛ ఆటోకు ఆయనే అప్పజెప్పాలె, నూనె మోరిల పొయ్యొద్దు. నాలుగు, గ్యాస్ బండ ఒక్కటే, పక్కన ఇసుక బకెటు. మన దిక్కుకెల్లి ఒక్కటి: నల్లా, కార్డు ఇప్పియ్యనీకి ఆయన తరఫున మనమే దరఖాస్తు మీద సంతకం పెడ్తం.”

“మోటార్‌సైకిళ్లో?”

“అది బండోనికి రాస్తె ఏం లాభం? తినొచ్చేటోళ్లల్ల సగం మంది మన పిల్లలే, మీ చిన్నోనితోని సహా. అది ఇంట్ల చెప్పుకోవాలె.”

వదిన బట్టలు సంకల పెట్టుకుంది. “నాలుగు కాదు, అయిదు రాయి. పేపర్ల బజ్జీ కట్టొద్దని.”

“రాస్త. సంతకం ఎవరిది మొదలు?”

“నాదే. కానీ అధ్యక్షురాలు ఆపా. ఆమెకు గొంతున్నది.”

ఈ ముచ్చట చదివేటోళ్లకు ఒక్క మాట. మీ గల్లీ మూల మీద కూడ ఏదో ఒక బండి ఉండే ఉంటది. దాన్ని లేపుమని ఫోన్ కొట్టే ముందు, దానికి కార్డు ఉన్నదా అని అడుగుండ్రి. లేకపోతె, ఎందుకు ఇయ్యలేదో మీ వార్డు ఆఫీసుల కాయితం మీద అడుగుండ్రి. వెండింగ్ కమిటీల మీ బస్తీ తరఫున ఎవరున్నరో కూడ అండ్లనే అడుగుండ్రి. ఎవరూ లేరంటె ఏడుగురిని జమ చేసి, మీ పేరు ఇయ్యుండ్రి.